ఎదుటి గడి: ప్యాక్‌మ్యాన్ ఆటపై ఒక పరిశీలన

గళ్ళ పలక మీద ఒక పాత్ర నిలిచి ఉన్నది. దాని ఎదుట ఉన్నది గోడా, తలుపా, శత్రువా? చూచేవారికి ఇది క్షణంలో తెలుస్తుంది. బొమ్మ ముఖం ఎటు తిరిగి ఉన్నదో కంటికి కనిపిస్తున్నది గదా. యంత్రానికి కన్ను లేదు. దానికి తెలిసినవి అంకెలు మాత్రమే. గళ్ళ ఆట మంచిచెడ్డలు చాలవరకు ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటాయి: ‘ముఖం’ అనే భావాన్ని ఆ ఆట అంకెలలో ఎట్లా దాచుకొన్నది?

జగిత్యాల, కోరుట్ల ఇళ్ళలో అరుగుల మీద గీసే అష్టాచెమ్మాను తీసుకొందాం. ఇరవై అయిదు గళ్ళు. కాయకు ముఖం లేదు. ఎటు పోవాలో ఆ గడి, ఆటగాని ఇల్లు కలిసి నిర్ణయిస్తాయి. చదరంగంలో బంటుకు దిక్కు ఉన్నది గాని అది రంగును బట్టి ఏర్పడినది, ఆట ముగిసేదాకా మారదు. సిరిసిల్ల మగ్గం మీద నాడె పడుగుదారాల నడుమ ఒకసారి కుడికి, మరుసారి ఎడమకు పోతుంది. దాని దిక్కుకు +1, −1 అనే రెండు అంకెలు చాలును. నాలుగు వైపులకూ తిరిగే పాత్రకు మాత్రం రెండేసి అంకెలు కావాలి. కుడి (1, 0), ఎడమ (−1, 0), కింద (0, 1), పైన (0, −1). పాత్ర (5, 3) గడిలో ఉండి పైకి చూస్తున్నదనుకొంటే, రెండు జతలను కూడగా (5, 2) వస్తుంది. అదే ఎదుటి గడి. అక్కడ ఏమున్నదో పట్టికలో చూచుకోవడమే మిగిలిన పని.

పైకి పోవడం −1 ఎట్లా అయిందని తొమ్మిదో తరగతి విద్యార్థి అడగక మానడు. నిరూపక జ్యామితిలో పైకి పోతే విలువ పెరుగుతుంది. తెరమీద వరుసలను పైనుండి కిందికి లెక్కించడం ఆచారం. ఈ తేడాను ముందే చెప్పని ఉపాధ్యాయుడు తరువాత చాలాసేపు చెప్పవలసి వస్తుంది.

1980లో జపానులోని నామ్కో సంస్థ వెలువరించిన ప్యాక్‌మ్యాన్ ఆటను తోరు ఇవాతాని రూపొందించినాడు. 8 చుక్కల భుజం గల గళ్ళు అడ్డంగా 28, నిలువుగా 36. నాలుగు దయ్యాలు కథానాయకుణ్ణి తరుముతాయి. వాటిలో గులాబిరంగు దయ్యం అతని మీదికి రాదు. అతను చూస్తున్న వైపున నాలుగు గళ్ళ ముందుకు గురిపెడుతుంది. అంటే ఎదుటి గడి సూత్రమే, దిక్కును నాలుగుతో గుణించి కూడటం. చిన్న ఊహతో దయ్యానికి మాటువేసే స్వభావం కల్పించిన తీరు మెచ్చదగినది.

అయితే అతను పైకి చూస్తున్నప్పుడు గురి నాలుగు గళ్ళు పైకీ, నాలుగు గళ్ళు ఎడమకూ పోతుంది! కారణం కూడికలో ఉన్నది. ఆ యంత్రం −1ని 255గా దాచుకొంటుంది. వరుస సంఖ్యనూ, నిలువు వరుస సంఖ్యనూ విడివిడిగా గాక ఒకే పెద్ద సంఖ్యగా లెక్కించినారు. 255ను నాలుగుతో గుణిస్తే 1020, అనగా మూడు 256లు, పైన 252. ఆ మూడు పక్కనున్న నిలువు వరుస స్థానంలోకి ఎక్కింది. పాత్ర 40వ వరుసలో ఉన్నదనుకొంటే 40, 252 కలిసి 292; అందులోనుంచి ఇంకొక 256 పక్కకు పోయి 36 మిగిలింది. వరుస సరిగానే వచ్చింది. పక్క స్థానానికి మొత్తం నాలుగు చేరినవి. ఆ యంత్రంలో నిలువు వరుసలను కుడినుండి ఎడమకు లెక్కిస్తారు గనుక గురి ఎడమకు జరిగింది. కూడికలో పక్క స్థానానికి పోయే అంకెను మరచిన చిన్నపిల్లవాని తప్పుకు ఇది సరిగా తలకిందులు: ఇక్కడ పోరాని అంకె పోయింది.

ఈ పొరపాటు వల్ల ఆట చెడలేదనీ, నేర్పరులు దానిని తప్పించుకొనే ఉపాయంగా వాడుకొన్నారనీ సమర్థించవచ్చును. ఆటగాని దృష్టిలో అది నిజమే. బోధనలో మాత్రం దీనిని క్షమించడం కష్టం. మూడు వైపులా సరిగా పనిచేసి నాలుగోవైపు తప్పే సూత్రాన్ని కుడివైపు మాత్రమే పరీక్షించిన విద్యార్థి ఎన్నటికీ పట్టుకోలేడు.

పాత్ర రెండు గళ్ళ మధ్య నడుస్తున్నప్పుడు ఇంకొక చిక్కు. 83వ చుక్కను 8తో భాగించగా వచ్చిన పూర్ణాంకం 10, కాబట్టి అది పదో గడి. కాని ఆ చుక్క బొమ్మ మూలదా, నడిమిదా? నడిమిదాన్ని తీసుకొంటేనే చూపుకు, లెక్కకు పొంతన కుదురుతుంది.

ఈ కూడిక అంతటా చెల్లదని కూడా చెప్పాలి. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులిమేకలో బల్ల త్రికోణాకారం, గీతలు కలిసే స్థానాలు 23. అక్కడ ‘కుడికి ఒకటి’ అనే మాటకు ప్రతి స్థానంలోనూ ఒకే అర్థం లేదు. పులి ముందున్న స్థానంలో మేక ఉండి, అదే గీత మీద దాని వెనుక స్థానం ఖాళీగా ఉంటేనే దూకగలదు. అందుచేత ఒక్కొక్క స్థానానికి పక్క స్థానమేదో, అదే గీతపై దాని ఆవల ఉన్నదేదో పట్టికగా వ్రాసుకోక తప్పదు.