మంచులో అంతులేని పరుగు

నేడు మన యువకుల చేతిలో పుస్తకం కంటె ఎక్కువసేపు నిలిచేది సెల్‌ఫోను. అందులోని ఆటలు సాహిత్య విమర్శకునికి పట్టవనే వాదం ఒకటి ఉన్నది. దానితో నేను ఏకీభవించను. నాయకుడు, ప్రతినాయకుడు, ఋతువు ఉన్న ప్రతి కల్పనా ఏదో ఒక జీవిత దృక్పథాన్ని ప్రచారం చేస్తూనే ఉంటుంది.

2013 జనవరిలో వెలువడిన ‘టెంపుల్ రన్ 2’ను తీసుకుందాం. గుడిలోని బంగారు విగ్రహాన్ని కాజేసినవాడు పరుగెత్తుతాడు. రాక్షస వానరం వెన్నంటుతుంది. తరువాత దీనికి ‘ఫ్రోజెన్ షాడోస్’ అనే మంచు రంగస్థలాన్ని చేర్చారు. మదనపల్లెలోను, పుంగనూరులోను విద్యార్థులు దీనిని ఆడగా చూశాను, నేనూ ఆడాను. కంటికీ వేలికొనకూ అది కలిగించే చురుకుదనాన్ని, మంచుమీది జారుడులోని ఉల్లాసాన్ని కాదనలేను. ఆ ఆనందాన్ని పాపమని చాటే ఛాందసులతో మనకు పని లేదు. నా ప్రశ్న వేరు: ఈ మంచు చేసే పనేమిటి?

పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు పాదలేపం మహిమతో హిమాలయానికి వెళతాడు. మంచునీటికి లేపం కరిగిపోతుంది; ఇంటిదారి మూసుకుపోతుంది. వరూధిని ఎదురుపడటం, ప్రవరుని నిరాకరణ, కడకు స్వారోచిష మనువు పుట్టుక వరకూ కథంతా ఆ కరిగిన లేపం నుండి నడిచినదే. 16వ శతాబ్దిలో రాజాస్థానంలో పుట్టిన కావ్యమే అయినా, అక్కడ మంచు అలంకారం కాదు, కారణం. పైగా ప్రవరునికి ఇల్లున్నది. అతని ఆరాటమంతా దానిని చేరుకోవటానికే.

ఈ ఆటలోని నాయకునికి ఇల్లు లేదు, ఊరు లేదు, తోడు లేదు. జారుడున్నది గాని చలి లేదు. అడవి పోయి మంచు వచ్చినా బ్రతుకు మారదు. ఎంతటి నేర్పరి అయినా గెలవటమనేది లేదు. మునుపటి దూరాన్ని మించటం, మళ్ళీ పడటం. పడ్డవాడు లేవాలంటే రత్నాలు చెల్లించాలి. ఒకే పరుగులో మరల మరల లేవాలంటే వెల పెరుగుతూ పోతుంది. ఆ రత్నాలను డబ్బిచ్చి కొనవచ్చు. పరుగుకు అంతముంటే అంగడికీ అంతం వస్తుంది. కనుక ఇక్కడ రూపాన్ని నిర్ణయించినది కథ కాదు, వ్యాపారం.

డిసెంబరు, జనవరి మాసాల్లో మదనపల్లె టమాటా మార్కెట్టులో పెట్టెలు మోసే కూలీకి చలి వేళ్ళలో తెలుస్తుంది. కుప్పంలో బెంగుళూరు రైలు అందుకోవటానికి పరుగెత్తే పనివాని పరుగుకు గమ్యం ఉన్నది, కూలి ఉన్నది, వెనుక ఎదురుచూసే ఇల్లున్నది. అలసిన అతడు రైలులో కాసేపు ఈ ఆట ఆడుకోవటం తప్పు కాదు. కాని పడితే తప్పంతా నీ వేలిదేనని, దారి వేసినవానిని అడిగే వీలు లేదని ఆట నేర్పుతున్నది. ఆ పాఠాన్నే జీవితానికి అన్వయించుకుంటే, ఉద్యోగం దొరకని పట్టభద్రుడు తన చేతకానితనాన్నే నిందించుకుంటాడు. తన పక్కన పడినవానిని చూడడు.

నిషేధం విమర్శ కాదు. ప్రవరుని పాఠం చెప్పే తరగతిలోనే ఈ ఆటనూ ముందుంచి, దారి వేసినదెవరు, లాభం పొందేదెవరు అని ప్రశ్నింపజేయటం అధ్యాపకుల బాధ్యత. పరుగెత్తేవానికి ఒక ఇల్లు, పడితే లేపే ఒక చేయి ఉన్న ఆటలను అలా ప్రశ్నించ నేర్చిన యువకులే సృష్టిస్తారు.