కాస్కేడ్ వాసన పట్టినవాళ్లు

ఎండిన హాప్ పువ్వును రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా రుద్దితే పసుప్పచ్చని జిగురు పొడి చేతికి అంటుకుంటుంది. లుపులిన్ అంటే అదే. బీరుకు చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలూ, వాసననిచ్చే నూనెలూ అందులోనే ఉంటాయి. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాడైనా, వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయకు సరుకు చూడ్డానికి వెళ్లే కంపెనీ మనిషైనా ముందు ఇలా రుద్ది వాసన చూడాల్సిందే.

చిక్కేమిటంటే, అరచేతిలో గుప్పుమన్న వాసనంతా గ్లాసులోకి రాదు. చాలా రకాల్లో మొదట ముక్కుకు తగిలే మిర్సీన్ అనే నూనె, మరిగే కుండలోంచి ఆవిరితోపాటే ఎగిరిపోతుంది. గంటసేపు మరిగిన హాప్స్‌లో దాదాపుగా చేదే మిగులుతుంది. చివరి పావుగంటలో వేస్తే రుచి దక్కుతుంది, పొయ్యి ఆర్పాక వేస్తే వాసన దక్కుతుంది. పులిసిన బీరులో నానేస్తే మిర్సీన్ కూడా కొంత నిలుస్తుంది. చారు దించాక కొత్తిమీర వేసే చేతికి ఇదంతా చెప్పక్కర్లేదు. అన్నట్టు, హాప్స్‌కు పూలవాసన తెచ్చే లినలూలే మన ధనియాల నూనెలోనూ ప్రధానమైనది.

కాబట్టి రకాన్ని ఎంచేటప్పుడే వేసే వేళనూ ఎంచాలి. ఈ పనితనానికి నాకు నచ్చిన ఉదాహరణ కెన్ గ్రాస్‌మన్. 1976లో కాలిఫోర్నియాలోని చికోలో ఇంటిబీరు సామాన్ల కొట్టు పెట్టి, 1980కల్లా సియెరా నెవాడా బ్రూవరీని నిలబెట్టాడు. తన పేల్ ఏల్‌కు వాసన కోసం కాస్కేడ్‌ను ఎంచుకున్నాడు. ఆరెగాన్‌లో పెంచి 1972లో విడుదల చేసిన ఆ రకానికి ఇంగ్లండ్ ఫగుల్, రష్యా సెరెబ్రియాంకా పూర్వీకులు. దాని వాసనేమో గ్రేప్‌ఫ్రూట్ తొక్కది, అంటే మన పంపరపనసకు దగ్గరి చుట్టం. జర్మన్, చెక్ హాప్స్ నాజూకుకు అలవాటైన ముక్కులకు అది కాస్త మోటే. గ్రాస్‌మన్ దాన్ని అణచకుండా ముందుకు తెచ్చి, అడుగున కారమెల్ మాల్ట్ తీపిని మాత్రం కొద్దిగా పరిచాడు. రుచి నిలకడగా రాలేదని తొలి విడతల పేల్ ఏల్‌ను ఒకదాని వెంట ఒకటి పారబోశాడు కూడా. కొత్త కంపెనీకి అది చిన్న నష్టం కాదు.

2008లో వచ్చిన సిట్రా అనే హాప్ రకం తీరు వేరు. మామిడి, లీచీ వాసనలతో పాటు కాస్కేడ్‌కు దాదాపు రెట్టింపు ఆల్ఫా ఆమ్లాలుంటాయి. మరుగు మొదట్లోనే వేస్తే చేదు గొంతు పట్టేస్తుంది, చివర్లో వేస్తే తోట దిగివస్తుంది. ఇప్పుడు కొందరు ఒకే కుండలో నాలుగైదు రకాలు గుమ్మరిస్తున్నారు. నాకైతే ఆ బీర్లన్నీ పేరు తెలియని పళ్లరసంలా ఒక్కలాగే అనిపిస్తాయి. ఒకే రకం వేసి కాచినప్పుడే దాని గుణం తెలుస్తుంది.

పాకెట్ విప్పగానే ముదిరిన చీజ్ కంపు కొడితే ఆ హాప్స్ పాతబడ్డాయని అర్థం. పేల్ ఏల్‌కు అవి పనికిరావు. బెల్జియంలో లాంబిక్ అనే బీరు కాచేవాళ్లు మాత్రం ఏళ్లు నిలవపెట్టిన హాప్స్‌నే కోరి వాడతారు. చేదూ, వాసనా వాళ్లకు అక్కర్లేదు. బీరు చెడకుండా కాపాడితే చాలు.