కాపలా దేవత ఎవరి కోసం కాస్తుంది?

పత్తి తీతలు మొదలైతే మా పెదకూరపాడులో రాత్రి కబుర్లు తొందరగా ముగుస్తాయి. తెల్లారేసరికి చేలో ఉండాలి కాబట్టి పెద్దవాళ్లు ఎనిమిదింటికే నడుం వాలుస్తారు. పిల్లలకు మాత్రం నిద్ర రాదు. పోయిన వారం అలాంటి ఓ రాత్రి మా మనవరాలు నా మంచమెక్కి కథ చెప్పమంది.

జానపద కథలు రాయడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. అప్పటికప్పుడు ఒకటి అల్లాను. ఏడు కొండల అవతల ఒక గుహ. అందులో ఒక తాళపత్ర గ్రంథం. చావుకు మందు ఆ గ్రంథంలో ఉంది. అది మనుషుల చేత పడకుండా కొండదేవత రేయింబవళ్లు కాపలా. రాకుమారుడు ఆమెను మాయచేసి గ్రంథం ఎత్తుకొచ్చాడు. కథ కంచికి, మనం ఇంటికి అన్నాను.

పిల్ల పడుకోలేదు.

"తాతయ్యా, ఆ అమ్మవారు ఆ పుస్తకం చదువుకుంటుందా?"

"లేదమ్మా, ఆమెకు చదవడం రాదు. కాపలా కాస్తుంది, అంతే."

"ఎవరికీ ఇవ్వకూడదంటే మరి దాన్ని ఎందుకు రాశారు?"

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లలో ఎందరో దేవతలను గుహల ముందూ, మర్రి తొర్రల్లోనూ, పాడుబడ్డ బావుల్లోనూ కాపలా పెట్టాను. ఎందుకు కాస్తున్నావని ఒక్కరినీ అడగలేదు. నా వీరుడు గెలవాలి కాబట్టి వాళ్లు ఓడారు. ఆ రాత్రంతా అదే ఆలోచన.

మన తెలుగువాళ్లందరికీ తెలిసిన కాల్పనిక దేవత పాతాళభైరవి. 1951లో కె.వి. రెడ్డి తీసిన సినిమాలో ఆమెకు ఒకటే నియమం. బలి ఇచ్చినవాడికి ప్రతిమ దక్కుతుంది. నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ణి బలివ్వబోతే, తోటరాముడే మాంత్రికుణ్ణి బలిచ్చి దాన్ని గెలుచుకున్నాడు. ఆ తర్వాత మాంత్రికుడు మళ్లీ బతికి, ప్రతిమ అతని చేతికి చిక్కినప్పుడు దేవత అతని మాటా అలాగే విన్నది. ఎవరి చేతిలో ఉంటే వారికే పలికింది. తాళానికి చెవి కావాలి గానీ, తిప్పే చెయ్యి ఎవరిదో దానికి పట్టదు. కథ పరుగులు తీయడానికి అలాంటి దేవత చాలు. మా మనవరాలి ప్రశ్నకు మాత్రం చాలదు.

ఆ ప్రశ్నకు జవాబు మా పల్నాటిలోనే దొరికింది. మాచర్ల దాటి వెళితే నాగార్జునకొండ. ఆ కొండకు పేరిచ్చాడని చెప్పే బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడి జీవితకథ ఒకటి చైనా భాషలో ఉంది. దాన్ని ఐదో శతాబ్దం తొలి రోజుల్లో బౌద్ధ పండితుడు కుమారజీవుడు ఆ భాషలోకి తెచ్చాడని చెబుతారు. అందులో నాగార్జునుడు దాచిన విద్యను రెండుసార్లు సంపాదిస్తాడు. రెండుసార్లూ రెండు దారుల్లో.

మొదటిసారి అతను కుర్రవాడు. ముగ్గురు స్నేహితులతో కలిసి, కంటికి కనిపించకుండా తిరిగే విద్య కోసం ఒక మాయావి దగ్గరికి వెళ్లాడు. విద్య చెప్పేస్తే వీళ్లు మళ్లీ తన గడప తొక్కరని ఆ మాయావి లెక్క వేసుకున్నాడు. మందు తయారీ చెప్పకుండా తలా ఒక మాత్ర ఇచ్చి, నీళ్లతో నూరి కనురెప్పలకు రాసుకోమన్నాడు. నాగార్జునుడు నూరుతూ వాసన పట్టి, అందులోని డెబ్భై దినుసులనూ, వాటి పాళ్లనూ చెప్పేశాడు. మాయావి నివ్వెరపోయి విద్య అంతా చెప్పాడు. నలుగురూ ఏం చేశారు? రాజుగారి అంతఃపురంలో జొరబడ్డారు. రాజు వాకిళ్లలో మెత్తటి మట్టి పోయించాడు. అడుగుజాడలు పడగానే భటులు గాలిలో కత్తులు ఝళిపించారు. ముగ్గురూ అక్కడే చచ్చారు. రాజు పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడ్డ నాగార్జునుడొక్కడే బతికాడు. కోరికే దుఃఖానికి మూలమని ఆ క్షణాన తెలిసి సన్యసించాడు.

రెండోసారి అతనేమీ దొంగిలించలేదు. దొరికిన సూత్రాలన్నీ చదివి ఇంకా వెతుకుతూ తిరుగుతుంటే, నాగరాజు జాలిపడి సముద్రం అడుగున ఉన్న తన మందిరానికి తీసుకెళ్లాడు. రత్నాల పెట్టెలు తెరిచి మహాయాన సూత్రాలు చేతికిచ్చాడు. తొంభై రోజులు చదివినా అవి తరగలేదు. చివరికి నాగరాజే అతణ్ణి గ్రంథాలతో పైకి సాగనంపాడు.

ఇక్కడే నా పొరపాటు నాకు తెలిసింది. మాయావి దాచింది తన కోసం. నాగులు దాచింది రాబోయేవాడి కోసం. బయటినుంచి చూస్తే ఇద్దరిదీ కాపలాయే. లోపల ఒకటి పిసినారితనం, రెండోది ఎదురుచూపు. కఠోపనిషత్తులో యముడు కూడా అంతే. చావు గుట్టు అడిగిన నచికేతుడికి ఏనుగులూ, బంగారమూ, దీర్ఘాయువూ ఇస్తానని ఆశపెట్టి చూస్తాడు. పిల్లవాడు దేనికీ లొంగలేదని తేలాక, అడిగినదంతా సంతోషంగా చెబుతాడు. ఆ సంతోషాన్ని నా కొండదేవతకు నేను ఏనాడూ ఇవ్వలేదు.

మా ఊరికి దగ్గర్లోని అమరావతి స్తూపం రాళ్ల మీద రామగ్రామ స్తూపాన్ని చెక్కారు. బుద్ధుడి ధాతువున్న ఆ స్తూపాన్ని నాగులు చుట్టలు చుట్టుకుని కాస్తుంటాయి. తవ్వడానికి వచ్చిన అశోకుడంతటివాడు ఆ నాగుల భక్తి చూసి వెనుదిరిగాడని కథ. తాము కాస్తున్నదాన్ని ప్రేమించేవాళ్లే నిజమైన కాపలాదారులని ఆ శిల్పులకు తెలుసు.

విద్య నీటి అడుగున ఉందన్న కథకు కాలం మా దగ్గరే ఒక కొనసాగింపు రాసింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్న లోయ మునిగిపోతుందని అందరికీ తెలుసు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో అక్కడ తవ్వారు. దొరికినవాటిని నాగార్జునకొండ మీదికీ, ఒడ్డునున్న అనుపుకీ చేర్చి, కట్టడాలు కొన్నింటిని మళ్లీ నిలబెట్టారు. నేడు ఆ కొండ నీటి మధ్య దీవి. లాంచీ ఎక్కి ఎవరైనా వెళ్లి చూడొచ్చు. గుప్తనిధుల ఆశతో పాత గుళ్లను రాత్రిపూట తవ్వి పట్టుబడేవాళ్ల వార్తలు కూడా మనం చదువుతూనే ఉన్నాం. అదే పలుగు, అదే మట్టి. ఒకరు తవ్వింది పదిమందికి చూపడానికి, ఇంకొకరు తవ్వింది మూట కట్టుకుపోవడానికి.

అందుకే కథలు రాసే కుర్రవాళ్లకు ఈ వారం చెప్పదలచుకున్నది ఇదే. మీ గుహ ముందు దేవతను నిలబెట్టేటప్పుడు ఆమె చేతిలో ఎంత పెద్ద కత్తి ఉందో తర్వాత ఆలోచించండి. ముందు ఆమె ఎవరి కోసం ఎదురుచూస్తున్నదో తెలుసుకోండి. అది తెలిస్తే ఆమె అడగాల్సిన ప్రశ్న దానంతటదే వస్తుంది. మీ వీరుడు గెలవాల్సింది ఆ ప్రశ్నను.

నిన్న రాత్రి అదే కథ మా మనవరాలికి మళ్లీ చెప్పాను. ఈసారి మాయలు లేవు. కొండదేవత గుహ వాకిట్లో అడ్డంగా కూర్చుని, "ఈ పుస్తకం ఇస్తే ముందుగా ఏం చేస్తావు?" అని అడిగింది. రాకుమారుడి జవాబు నేను ఇంకా కూర్చుకుంటున్నాను. అంతలో పిల్లే అందుకుంది.

"ముందు నీకు చదివి వినిపిస్తాను. నీకు చదవడం రాదుగా" అంది.