ముందు గిరి గీసుకోండి

పెట్టెనిండా దారాలుంటాయి. రింగులో గుడ్డ బిగించి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం వంట అయిపోయి, ఇంట్లో మిగతావాళ్ళంతా కునుకు తీస్తుంటారు. ఇంతకన్నా మంచి సమయం మళ్ళీ వారం దాకా దొరకదు. అయినా ఏం కుట్టాలో తోచదు. చేతిపని చేసేవాళ్ళలో ఈ అవస్థ పడనివాళ్ళు ఉండరనుకుంటాను. క్రోషియా అల్లేవాళ్ళను కదిపినా, మట్టితో బొమ్మలు చేసేవాళ్ళను కదిపినా, పాత చీరలతో బొంతలు కుట్టేవాళ్ళను కదిపినా ఇదే గోడు. చెయ్యాలని ఉంది, బుర్రలోకి ఏమీ రావడం లేదు.

ఈ మాట ఎవరితో అన్నా వచ్చే సలహా ఒకటే. "చుట్టూ చూడు, ఎన్ని లేవు!" అంటారు. నాకు ఈ సలహా మీద గౌరవమే గానీ, అది సగం సలహా. చుట్టూ చూస్తే నిజంగానే అన్నీ ఉన్నాయి. వేపచెట్టు ఉంది, కరెంటు తీగల మీద పావురాలున్నాయి, ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లున్నాయి, సందు చివర ఇస్త్రీ బండి ఉంది. వీటిలో దేన్ని పట్టుకోవాలి? ఇక ఫోను తెరిస్తే ప్రపంచంలోని ఎంబ్రాయిడరీ అంతా వేలి కింద జారిపోతూనే ఉంటుంది. అరగంట చూశాక మన రింగు కేసి చూసుకుంటే, ఉన్న కాస్త ఉత్సాహం కూడా చప్పబడిపోతుంది. మనకు కొరత వస్తువులది కాదు, ఎంచుకోవడానికి ఒక ఆధారం లేదు. ఆ ఆధారం ఎలా దొరుకుతుందో మన దగ్గర ఎప్పటి నుంచో పనిచేస్తున్నవాళ్ళను చూస్తే తెలుస్తుంది.

తేలియా రుమాళ్ళనే తీసుకుందాం. మొదట చీరాల ప్రాంతంలోనూ, తర్వాత ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాకలోనూ నేసిన చదరపు బట్టలివి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి ఆరబెట్టడం వల్ల బట్టకు నూనె వాసన పట్టుకుంటుంది. ఒకప్పుడు అరబ్బు దేశాల దాకా ఎగుమతి అయ్యేవి. పుట్టపాక రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పనిలో ఉన్న ఇరుకు చూడండి. రంగులు మూడే: ఎరుపు, నలుపు, తెలుపు. పడుగుకూ పేకకూ నేయకముందే లెక్క ప్రకారం చిటికి కట్టి రంగు వెయ్యాలి. నేసేటప్పుడు పోగులు కాస్త జరిగినా బొమ్మ చెదిరిపోతుంది. గుండ్రటి గీత కూడా మెట్లుమెట్లుగానే వస్తుంది.

ఇంత ఇరుకులో గత శతాబ్దపు నేతగాళ్ళు ఏం నేశారు? ఏనుగులు, సింహాలు, పక్షులు సరే. గడియారాలు నేశారు. విమానాలు నేశారు! ఆకాశంలో చప్పుడు చేసుకుంటూ పోయే ఆ కొత్త వస్తువును తలెత్తి చూడని మనిషి ఆ రోజుల్లో ఉండి ఉండడు. కానీ చూసిన మరుక్షణం "దీన్ని గళ్ళలో ఎలా ఇమడ్చాలి?" అనుకున్నది, గళ్ళ లెక్క తలలో పెట్టుకుని తిరిగే నేతగాడే. మిగతావాళ్ళకు అది వింత. అతనికి మాత్రం పనికొచ్చే సరుకు. గళ్ళు లేకపోతే అతనూ అందరిలాగే ఒక్క క్షణం చూసి తల దించుకునేవాడు.

ధనుర్మాసంలో మన వాకిళ్ళలో జరిగేదీ ఇదే. "నాకు బొమ్మలు వెయ్యడం రాదు" అని ఒట్టేసి చెప్పే ఆవిడ చేతే, కల్లాపి చల్లిన నేల మీద 15 చుక్కలు పెట్టించండి. సందు చుక్కలతో 8 వచ్చేదాకా తగ్గించుకుంటూ వెళ్ళమనండి. ఆ చుక్కలు పడ్డాక ఆవిడ చెయ్యి ఆగదు. చేపలు, దీపాలు, హంసలు, చెరుకు గడలు, పొంగుతున్న పాలకుండలు వచ్చేస్తాయి. ఆవిడకు తెల్ల కాగితం ఇచ్చి "నీకిష్టమైంది వెయ్యమ్మా" అంటే మాత్రం పెన్సిలు కొరుక్కుంటూ కూర్చుంటుంది. ఇంట్లో, వంటింట్లో, పొలంలో రోజూ చూసేవే ముగ్గులోకి వచ్చాయి. వాటిని లోపలికి పిలిచినవి చుక్కలు.

ఏటికొప్పాక సంగతీ అంతే. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, లక్క పట్టించి బొమ్మలు చేస్తారు. తిరిగే కర్రకు గుండ్రదనం తప్ప మరో ఆకారం రాదు. అందుకని బొంగరాలు, కుంకుమ భరిణెలు, పిల్లలాడుకునే లక్కపిడతలతో పాటు దేవుళ్ళూ జంతువులూ కూడా గుండ్రటి ముక్కల కూర్పుగానే తయారవుతాయి. ఆ ఒంపుల్లోనే వాటి అందమంతా ఉంది. గింజలు, బెరళ్ళు, వేళ్ళు, ఆకుల నుంచి తీసిన రంగుల్ని మళ్ళీ ఆ లక్కలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బజార్లో డబ్బాల్లో దొరికే రంగులన్నిటినీ పక్కన పెట్టి, చెట్టూ చేమా ఇచ్చిన వాటితో సరిపెట్టుకోవడం అంటే పైకి చేతులు కట్టేసుకున్నట్టే ఉంటుంది. ఆ షరతు పెట్టుకున్న మనిషికి మాత్రం దారిలో కనిపించే ప్రతి చెట్టు బెరడూ ఒక ప్రశ్నే కదా!

ప్రశ్న అన్నాను కాబట్టి చింతకింది మల్లేశం గారిని తలుచుకోవాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో వాళ్ళది చేనేత కుటుంబం. పోచంపల్లి రకం చీరకు ఆసు పోయాలంటే, పేక నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. అమ్మ భుజం నొప్పి చూడలేక 1992లో ఆయన యంత్రం చెయ్యడం మొదలుపెట్టారు. కొంత అయింది, ఒక కదలిక దగ్గర పని ఆగిపోయింది. ఏళ్ళు గడిచాయి. 1999లో హైదరాబాద్ బాలానగర్‌కు వేరే పని మీద వెళ్ళినప్పుడు అక్కడ తిరుగుతున్న ఓ యంత్రంలో తనకు కావలసిన కదలిక కనిపించింది. ఆగిన పని పూర్తయింది. అమ్మ పేరుతోనే అది లక్ష్మీ ఆసు యంత్రమైంది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

బాలానగర్‌లో యంత్రాలు రోజూ తిరుగుతూనే ఉంటాయి. వాటి పక్కనుంచి వేలమంది నడిచి వెళ్తారు. ఒక చిన్న, కచ్చితమైన ప్రశ్నను వెంటబెట్టుకుని వెళ్ళిన ఒక్క మనిషికే అక్కడ జవాబు దొరికింది. "ఏదైనా గొప్పది కనిపెట్టాలి" అనుకుంటూ వెళ్ళి ఉంటే ఏమీ కనిపించి ఉండేది కాదు. "దారం ఈ మేకు చుట్టూ ఎలా తిరగాలి?" అన్నంత చిన్నదిగా ఉండాలి ప్రశ్న.

నా పని వీటి ముందు చాలా చిన్నది. నేను కుట్టేది మగ్గం వర్క్ కూడా కాదు. దిండు గలీబులు, చేతి సంచులు, ఎవరింట్లోనైనా పసిబిడ్డ పుడితే చిన్న దుప్పటి, అంతే. తెలిసిన కుట్లూ కొన్నే: కాడ కుట్టు, గొలుసు కుట్టు, ముడి కుట్టు, ఇంకో రెండు మూడు. అయినా పెద్దవాళ్ళ పద్ధతి చిన్నవాళ్ళకూ పనిచేస్తుంది. ఏమీ తోచనప్పుడు నేనిప్పుడు బొమ్మ కోసం వెతకను. ముందు గిరి గీసుకుంటాను. ఈసారి రెండే రంగులు అనో, నాలుగు వేళ్ళ వెడల్పు దాటకూడదు అనో, మొత్తం ముడి కుట్టుతోనే అనో. ఆ తర్వాతే సంచీ పట్టుకుని రైతుబజారుకు బయల్దేరతాను.

ముడి కుట్టు మనసులో పెట్టుకుని వెళ్ళిన రోజు బజారంతా గింజలూ బుడిపెలే. కాకరకాయ మీద బుడిపెలు వరసల్లో ఉంటాయనీ, పెద్ద వరసల మధ్య చిన్నవి ఇరుక్కుని ఉంటాయనీ నేను అలాంటి ఒక రోజే గమనించాను, అంతకుముందు ఎన్ని కాకరకాయలు తరిగానో! సీతాఫలం తొక్క, గింజలు ఊడిన చోట గుంటలు పడ్డ మొక్కజొన్న కంకి, కోసి పెట్టిన దానిమ్మ... అన్నీ ముడి కుట్టు భాషలోనే మాట్లాడతాయి. అదే బజారుకు సూటి గీతల కుట్టు అనుకుని వెళ్తే అవేవీ కంటికి ఆనవు. చెరుకు రసం బండి మీద పేర్చిన గడలు, సగం దించిన షట్టరు, అరటాకు ఈనెలు, ఓ మూల నిలబెట్టిన నులక మంచం కనిపిస్తాయి. ఇవన్నీ నిన్నా అక్కడే ఉన్నాయి మరి.

మా వీధి చివర పూలమ్మే మామ్మ దగ్గర ఓసారి కదంబం మాల ఎప్పటిలా లేదు. మరువం దట్టంగా, మధ్యమధ్య కనకాంబరాలు రెండేసి మాత్రం. "ఏం మామ్మా, మాల ఇవాళ కొత్తగా కట్టావే!" అన్నాను. "కొత్తా లేదు పాడూ లేదమ్మా, కనకాంబరాలు తక్కువొచ్చినయ్. మరువం ఎక్కువ దూర్చా. మూరకి సరిపోవాలిగా!" అంది, నార ముడి వేస్తూనే. పువ్వులు తక్కువ, మూర మాత్రం తగ్గకూడదు. ఆ రెండిటి మధ్యా ఆమె చేతికి ఒక కొత్త వరస తట్టింది. నాకు అంచు దొరికింది. మామూలుగా నేను పువ్వులు గుత్తులుగా కుట్టి, ఆకులు అక్కడక్కడా వేసేదాన్ని. ఆ వారం ఆకుపచ్చనే పరిచి, కనకాంబరం రంగు ముడులు పొదుపుగా పెట్టాను.

చూసినదాన్ని ఫోటో తీసుకుంటే పోయె కదా అంటారు. తీసుకోవచ్చు. కానీ ఫోటో అన్నిటినీ ఒకేలా పట్టుకుంటుంది, దేన్ని వదిలెయ్యాలో చెప్పదు. కాకరకాయను కుట్టాలంటే దాని రంగు, కాడ, నీడ, పక్కనున్న వంకాయలు అన్నీ వదిలేసి బుడిపెల వరసను మాత్రం పట్టుకోవాలి. అందుకని నేను చిన్న పుస్తకంలో ఒక్క వాక్యం రాసుకుంటాను, పక్కన నాలుగు గీతలు గీస్తాను. గీత బాగుండక్కర్లేదు. వాక్యం రాసేటప్పటికే నేను ఏం చూశానో తేలిపోతుంది. ఫోనులో ఇతరుల పనులు చూడడంలో చిక్కూ ఇక్కడే ఉంది. వాళ్ళు తమ ప్రశ్నకు జవాబు కనుక్కుని మనకు జవాబు ఒక్కటే చూపిస్తారు. ప్రశ్న వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది.

ఆగిపోయిన ప్రతిసారీ కారణం ఊహ కరువవడమే అనుకోనక్కర్లేదు. ఒక్కోసారి కళ్ళు అలిసిపోయి ఉంటాయి. అప్పుడు మీరూ ఓ కునుకు తీయడమే మంచిది. ఒక్కోసారి భయం ఉంటుంది. ఖరీదైన పట్టు గుడ్డ కొని, సూది గుచ్చితే ఎక్కడ పాడవుతుందోనని దాన్ని బీరువాలో దాచేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళకు కావలసింది ఊహ కాదు, పాత పంచె ముక్క. పాడైనా పోయేదేమీ లేదని తెలిస్తే చెయ్యి దానంతటదే కదులుతుంది.

మరో భయం కొత్తదనం గురించి. ప్రతిసారీ ఇంతకుముందు లేనిదే చెయ్యాలని మనకు ఎవరు చెప్పారో తెలియదు. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో అంబారీ ఏనుగును, తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి, దశావతారాలను తరతరాలుగా చెక్కుతున్నారు. నిన్న చేసిన ఏనుగునే ఇవాళా చేస్తారు. తిండి పెట్టే పనిలో ఊహ వచ్చేదాకా కూర్చునే వెసులుబాటు లేదు. ఆర్డరు ఉంటుంది, గడువు ఉంటుంది. అలా చెయ్యగా చెయ్యగా ఒకరి ఏనుగు తొండం మరొకరి ఏనుగుకు లేని ఒంపు తిరుగుతుంది. అందుకే మరీ ఏమీ తోచకపోతే నేను కిందటిసారి కుట్టినదాన్నే మళ్ళీ కుడతాను, ఒక్కటి మాత్రం మార్చి. రంగు మారుస్తాను, లేదా ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులే తీసుకుంటాను. సగం అయ్యేసరికి రెండో మార్పు తనే అడుగుతుంది.

పుట్టపాక నేతగాడికి రుమాలులో నాలుగో రంగు లేదు. ఏటికొప్పాకలో లేత్ పలకల బొమ్మను ఒప్పుకోదు. సరదాకు కుట్టుకునే మనకు ఏ నిబంధనా లేదు, ఏ రంగైనా, ఏ గుడ్డైనా, ఏ కొలతైనా మనదే. మనం తరచూ ఆగిపోవడానికి కారణం ఈ స్వేచ్ఛేనని నా అనుమానం. కాబట్టి ఈ వారం మీ పనికి ఒక షరతు పెట్టండి, ఎంత చిన్నదైనా సరే. అది తలలో పెట్టుకుని పాల ప్యాకెట్టుకో, బస్టాపుకో, బ్యాంకుకో వెళ్ళి రండి. ఆ షరతులో ఇమిడేది ఏదో ఒకటి దారిలో కనిపించి తీరుతుంది. షరతు విసుగనిపిస్తే వచ్చే వారం మార్చేసుకోండి. పెట్టిందీ మీరే, అడిగేవాళ్ళెవరూ లేరు.