కేసు, కథ, స్నేహితురాలు

మన స్త్రీవాద కవిత్వంలో ఆసుపత్రి అనగానే ముందుగా గుర్తొచ్చేది కాన్పుగది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' ప్రస్తావించకుండా తెలుగులో స్త్రీల శరీరం గురించి మాట్లాడలేం. మాతృత్వానికి తొడిగిన పవిత్రతను తీసి పక్కన పెట్టి, బల్లమీద పడుకున్న మనిషి నొప్పినీ కోపాన్నీ కవితా వస్తువు చేశాయి ఆ రచనలు. అయితే పునరుత్పత్తితో సంబంధం లేని జబ్బుతో మంచాన పడ్డ స్త్రీ మన సాహిత్యంలో ఎక్కడుంది? గర్భసంచి దగ్గర మొదలుపెట్టిన చూపు గుండె దాకా, ఊపిరితిత్తుల దాకా, కీళ్ళ దాకా ఎందుకు రాలేదు?

ఇంకోవైపు, పెళ్ళిలోంచి బయటికి నడిచిన స్త్రీకి మన నవలలో పెద్ద వారసత్వమే ఉంది. చలం 'మైదానం'లో రాజేశ్వరి, రంగనాయకమ్మ 'జానకి విముక్తి'లో జానకి, ఓల్గా 'స్వేచ్ఛ'లో అరుణ. వాళ్ళు ఎందుకు వెళ్ళారో మనం ఎంతో చర్చించాం. వెళ్ళిన తర్వాత జ్వరమొస్తే పక్కన ఎవరు కూర్చున్నారన్నది మాత్రం మన చర్చల్లోకి రాలేదు.

ఈ రెంటినీ కలిపి చదవాలన్న ఆలోచన నాకు పుస్తకాల్లోంచి రాలేదు. గత రెండేళ్ళుగా ఒక బోధనాసుపత్రిలో నేను పేషెంటుని. ఆ రెండేళ్ళలోనే నాతో చదువుకున్న ముగ్గురు స్నేహితురాళ్ళ పెళ్ళిళ్ళు ముగిసిపోయాయి. వార్డులో పడుకుని వాళ్ళ మాటలు వింటున్నప్పుడు, మమ్మల్ని అడుగుతున్న ప్రశ్నలు ఒకలాగే ఉన్నాయని మెల్లగా అర్థమైంది.

నా జబ్బు మైట్రల్ స్టెనోసిస్. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై, కీళ్ళవాతపు జ్వరంగా మారి, చివరికి గుండె కవాటాన్ని బిగించేసే జబ్బు. ఇది మన దేశంలో పేదల ఇళ్ళలో, ఇరుకు గదుల్లో ఎక్కువ. అందులోనూ ఆడవాళ్ళలో ఎక్కువ. చాలామందికి గర్భంతో ఉన్నప్పుడే బయటపడుతుంది. కడుపులో బిడ్డ కోసం పెరిగిన రక్తం ఇరుకైన కవాటం గుండా పోలేక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి, ఊపిరాడదు. మళ్ళీ జ్వరం రాకుండా మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకోవాలి.

వైద్యవిద్యార్థులకు ఇది 'మంచి కేసు'. ఎడమ రొమ్ము కిందుగా వినిపించే ఒక సన్నటి గురగుర, మర్మర్, పట్టుకోగలిగితే పరీక్ష పాసైనట్టే. పేషెంటు ఎడమవైపు తిరిగి పడుకోవాలి, ఊపిరి వదిలి ఆపాలి. విద్యార్థి స్టెతస్కోపు గంట వైపు ఆనించి వినాలి. ఒకరి తర్వాత ఒకరు, పదిమంది, పన్నెండుమంది. "ఊపిరి వదలండమ్మా, ఆపండి, ఇంకొక్కసారి." జాకెట్టు హుక్కులు ఎవరు విప్పాలి, తెర ఎవరు వేయాలి అన్నది ఎవరి పనీ కాదు. నేను పుట్టినప్పటి నుంచీ నాతో ఉన్న గుండెలోని చప్పుడును అందరూ విన్నారు. నేను మాత్రం వినలేదు.

స్టెతస్కోపు పుట్టుకలోనే ఒక స్త్రీ ఉంది. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు దగ్గరికి గుండెజబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. ఆమె వయసు, ఆడమనిషి కావడం వల్ల నేరుగా ఛాతీకి చెవి ఆనించడం బాగుండదనుకుని ఆయన కాగితాన్ని గొట్టంలా చుట్టి విన్నాడు. చెవితో విన్నదానికంటే స్పష్టంగా వినపడింది. ఆధునిక వైద్యానికి గుర్తుగా నిలిచిన పరికరం స్త్రీ శరీరం ముందు పురుషుడు పడిన మొహమాటంలోంచి పుట్టిందన్నమాట. ఆ డాక్టరు పేరు ప్రతి వైద్యవిద్యార్థికీ తెలుసు. ఆ అమ్మాయి పేరును పాఠ్యపుస్తకాలు చెప్పవు.

ఫూకో 1963లో ప్రచురించిన 'ది బర్త్ ఆఫ్ ద క్లినిక్'లో ఈ వ్యవస్థ వెనకున్న ఒప్పందాన్ని విప్పి చూపించాడు. బీదవాడికి ఆసుపత్రి ఉచితంగా వైద్యం చేస్తుంది, ఆ బీదవాడు తన శరీరాన్ని చదువు కోసం అప్పగిస్తాడు. ఆ చదువు ఫలితం డబ్బున్నవాడికీ అందుతుంది. దానం లాగా కనిపించేదాంట్లో బాకీ వసూలు ఉంది. మన జనరల్ వార్డుల్లో ఈ మాటకు ఎవరూ రుజువు వెతుక్కోనక్కర్లేదు. కానీ ఫూకో చూపు దగ్గర ఆగిపోయాడు. ఆ చూపు కింద పడుకున్నది ఆడమనిషైనప్పుడు బాకీ రెండింతలవుతుందన్న సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. చూపులకు లింగభేదం ఉంటుందని జయప్రభ 'చూపులు' మనకు ముందే చెప్పింది. వీధిలో చూపుకు ఎదురు తిరగొచ్చు. వార్డులో చూపు మన మంచికే అని చెప్పబడుతుంది, అందుకే ఎదురు తిరగడం కష్టం.

అలాగని నేర్చుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఎవరో ఒకరి ఛాతీ మీద చెవికి తర్ఫీదు ఇవ్వకుండా డాక్టరు తయారుకాదు. నా గుండె మీద నేర్చుకున్న అమ్మాయి రేపు ఏ తాలూకా ఆసుపత్రిలోనో ఆయాసంతో వచ్చిన గర్భిణిని గ్యాస్ నొప్పి అని పంపేయకుండా ఆపుతుంది. పరీక్షల రోజుల్లో ఒక విద్యార్థిని వంగి, మెల్లగా, "అక్కా, మీకేం జబ్బని చెప్పారు?" అని అడిగింది. ఇద్దరం నవ్వుకున్నాం. అక్కడ పాఠం చెప్పింది నేనే. 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో నడవడిక, నైతికత, మాట్లాడే తీరు కూడా నేర్పుతున్నారు. నా అభ్యంతరం అడక్కుండా వినడం మీద, పేరుకు బదులు బెడ్ నంబరు పెట్టడం మీద.

ఇక కేస్ షీటు. దాన్ని మనం ఒక సాహిత్య ప్రక్రియగా చదవాలంటాను. పేరు, వయసు, స్త్రీ, వృత్తి, పెళ్ళైందా. తర్వాత 'ప్రధాన ఫిర్యాదు'. తర్వాత నెలసరి చరిత్ర, కాన్పుల చరిత్ర. ఎన్నిసార్లు గర్భం వచ్చింది, ఎన్ని కాన్పులు, ఎంతమంది బతికున్నారు, ఎన్ని పోయాయి అన్నది నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, నాలుగు అంకెల్లో రాసేస్తారు. నా పక్క మంచం మీదున్న పెద్దావిడ ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది. ఆ కథ చెప్పడానికి ఆమెకు ఒక మధ్యాహ్నం పట్టింది. కేస్ షీటులో అది ఒక అంకె. షీటు అబద్ధం చెప్పలేదు. ఆమె చెప్పినదాంట్లోంచి తనకు కావలసింది తీసుకుని, మిగిలినదాన్ని వదిలేసింది.

నా స్నేహితురాళ్ళు లాయర్ల దగ్గర చూసింది కూడా ఇదే ప్రక్రియ. 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షను కింద విడాకులు కావాలంటే కారణం చూపాలి: క్రూరత్వం, కనీసం రెండేళ్ళ పరిత్యాగం, ఇంకా కొన్ని. ఒక స్నేహితురాలికి కొట్టిన దెబ్బల్లేవు, కట్నం గొడవల్లేవు. పదకొండేళ్ళు ఆమె మాట్లాడుతుంటే ఆ మనిషి టీవీ సౌండు పెంచేవాడు, అంతే. "ఇది పిటిషన్‌లో నిలబడదమ్మా, ఏదైనా సంఘటన చెప్పండి" అన్నాడట లాయరు. ప్రధాన ఫిర్యాదు లేని రోగి లాంటిది ఆమె పరిస్థితి.

రెండో స్నేహితురాలు 1976లో చేర్చిన 13బి సెక్షను కింద, పరస్పర అంగీకారంతో వెళ్ళింది. అక్కడ తప్పెవరిదో చట్టం అడగదు. మొదటి పిటిషన్‌కీ రెండోదానికీ మధ్య ఆరునెలల గడువుంది. తగిన పరిస్థితుల్లో దాన్ని కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం అడగని ప్రశ్నను మిగతా ప్రపంచమంతా అడిగింది. అమ్మ, అత్త, హెచ్చార్, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు, ఆటో అతను కూడా. "అసలేమైందమ్మా?" అని వంగి వినేవాళ్ళందరి చెవుల్లోనూ ఒక్కొక్క స్టెతస్కోపు ఉంది.

మూడో స్నేహితురాలి కథ నా జబ్బుకు మరీ దగ్గరిది. ఆమెకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. పెళ్ళికి ముందు ఆ సంగతి ఆమె తల్లిదండ్రులు చెప్పలేదు. పెళ్ళికి తగని జబ్బుల జాబితాలోంచి మూర్ఛను 1999లో చట్టం తీసేసింది. విడాకుల కారణాల్లోంచి కుష్ఠును 2019లో తీసేసింది. కానీ ముఖ్యమైన విషయం దాచి పెళ్ళి చేశారంటూ 12వ సెక్షను కింద పెళ్ళినే రద్దుచేయమని అడిగే దారి ఉంది. అవతలివాళ్ళు ఆ దారి పట్టారు. ఆమె మెడికల్ రికార్డులు కోర్టులో సాక్ష్యమయ్యాయి. ఆసుపత్రిలో నయం చేయడానికి తెరిచిన కాగితం కోర్టులో నేరపత్రమైంది. కేస్ షీటూ పిటిషనూ ఒకే ఫైల్లో చేరడం అప్పుడు చూశాను. జబ్బుచేసిన మగవాడికి భార్య దొరుకుతుంది, సేవ కోసమే చేసుకుంటారు కూడా. జబ్బున్న ఆడపిల్ల సరుకు లోపం కింద లెక్క. ఇది చట్టంలోని వాక్యం కాదు, చట్టానికి ముందున్న మన పెళ్ళిచూపుల వ్యాకరణం.

ఈ ముగ్గురూ వేర్వేరు రోజుల్లో వార్డుకు వచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఇవన్నీ చెప్పారు. ఒకామె చెబుతూ ఉండగానే హౌస్ సర్జన్ వచ్చి, "పెళ్ళైందా?" అని నన్ను అడిగాడు. తనను అడిగాడనుకుని ఆమె, "అయిపోయింది" అంది. ఆ మాటకు తెలుగులో ఉన్న రెండర్థాలు ఆ అబ్బాయికి అందలేదు. మేం చాలాసేపు నవ్వుకున్నాం.

స్నేహితురాలు వినడానికీ డాక్టరు, లాయరు వినడానికీ తేడా ఎక్కడుంది? వాళ్ళు ఒక పేరు దొరికేదాకా వింటారు. జబ్బు పేరు, సెక్షను పేరు. ఆమె పేరు పెట్టడానికి వినదు. మన సాహిత్యంలో ఈ తేడా తెలిసిన రచనలున్నాయి. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లలుకుతూ అలుకుతూ గృహిణి తన పేరు మరిచిపోతుంది. ఆ పేరు భర్త దగ్గర లేదు, పిల్లల దగ్గర లేదు, అది ఒక పాత స్నేహితురాలి దగ్గర దొరుకుతుంది. ఆ కథను ఇన్నాళ్ళూ గృహశ్రమ కథగా, అస్తిత్వం కథగా పాఠాలు చెప్పుకున్నాం. అది స్నేహం గురించిన కథ అని వార్డులో ఉండగానే నాకు తట్టింది. స్త్రీ పేరును దాచిపెట్టగల చోటు ఇంకో స్త్రీ జ్ఞాపకం అని చెప్పే కథ అది.

ఓల్గా 'విముక్త'లోని 'సమాగమం' ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ముక్కూ చెవులూ కోయించుకున్న శూర్పణఖ, భర్త వదిలేసిన సీత ఎదురుపడతారు. ఒకరిది గాయపడ్డ శరీరం, ఇంకొకరిది ముగిసిన పెళ్ళి. సరిగ్గా నేను మొదట అడిగిన రెండు ప్రశ్నలూ ఒక తోటలో కలుసుకున్నాయి. శూర్పణఖ తన వికృతిని దాటి ఎలా వచ్చిందో సీతకు చెబుతుంది. అక్కడ కారణాల విచారణ లేదు, తీర్పు లేదు. అయితే ఒక మాట అనక తప్పదు. ఆ తోట చాలా అందమైనది. మన జనరల్ వార్డులో ఫినాయిల్ వాసన, పక్క మంచం దగ్గు, అయిదింటికి విజిటర్ల టైమైపోయిందని ఆయా కేకలు ఉంటాయి. పురాణం ఇచ్చిన తోటలోంచి ఈ వార్డులోకి ఆ సమాగమాన్ని తెచ్చే కథలు ఇంకా రావాలి.

చివరగా మన విమర్శ గురించి. తెలుగు శాఖల్లో సిద్ధాంత గ్రంథాలు తిరగేస్తే ఒక అధ్యాయం శీర్షిక మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది: 'స్త్రీల సమస్యలు - పరిష్కారాలు'. దాని కింద వరకట్నం, గృహహింస, విడాకులు, వంధ్యత్వం. ఒక్కొక్క కథనూ ఒక్కొక్క మంచం మీద పడుకోబెట్టి, లక్షణం చూసి, జబ్బు పేరు రాసి, మందు చెప్పి ముందుకు సాగిపోతాం. కథను పరీక్షించడమంటే పొద్దున్నే ప్రొఫెసరు చేసే రౌండ్స్ కాదు కదా. టీవీ సౌండు పెంచిన భర్త కథ ఏ శీర్షిక కింద పెడతాం? అది ఏ శీర్షిక కిందా నిలబడదు కాబట్టే దాన్ని ఇప్పటిదాకా రాయలేదేమో, రాసినా చిన్న కథ అనుకుని వదిలేశామేమో.

వర్గీకరణ అక్కర్లేదని నేననను. మర్మర్‌కు పేరుంది కాబట్టే నాకు బెలూన్‌తో కవాటం తెరవగలిగారు. 'గృహహింస' అన్న పేరు సాధించుకోవడానికి మన ఉద్యమం ఎంత పోరాడిందో, దానికి 2005లో చట్టం రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో మనకు తెలుసు. పేరు కావాలి. పేరు పెట్టగానే వినడం ఆపేసే అలవాటు మనకొద్దు. రచయిత్రులను నేను అడిగేది ఇదే: జబ్బుచేసిన ఆడవాళ్ళను కాన్పుగది దాటించి తీసుకురండి, పెళ్ళి ముగిసినవాళ్ళను గడప దాటాక కూడా వదలకండి. పరిశోధకులను అడిగేది ఇంకా చిన్నది. ఒక కథ ముందు కూర్చున్నప్పుడు, 'ఇది ఏ సమస్య?' అని అడిగే ముందు, ఆ స్టూలు మీద కాసేపు ఊరికే కూర్చుందాం.