తల్ని శిబిరం: ఒక గ్రహణయాత్రా గ్రంథంపై విమర్శ

సంపూర్ణ సూర్యగ్రహణం భూమిమీద ఎక్కడో ఒకచోట సుమారు ఏడాదిన్నరకు ఒకసారి సంభవిస్తూనే ఉంటుంది. కాని చంద్రుని నీడ నేలమీద గీచే చార సన్ననిది. ఒకే ఊరికి అది మరల రావలెనంటే సగటున 375 సంవత్సరాలు పట్టునని లెక్క. కావున గ్రహణాన్ని చూడదలచినవాడు ఇంటివద్ద కూర్చుండక నీడ పోయే చోటికి తానే పోవలెను. ప్రభుత్వాలు పంపగా శాస్త్రజ్ఞులు ఈ విధంగా దేశాలు దాటివెళ్ళడం పాత సంగతే. 1868 ఆగస్టు 18నాటి గ్రహణానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు రావడం తెలుగువారిలో చాలామంది ఎరిగినదే. అయితే ప్రభుత్వం పంపకుండా, ఖగోళశాస్త్రంపై మక్కువ ఒక్కటే కారణంగా కొందరు కలిసి సముద్రం దాటడం వేరు. అటువంటి యాత్ర ఒకదాని వృత్తాంతమే ‘ది ఇండియన్ ఎక్లిప్స్ 1898’ అనే గ్రంథం. బ్రిటిష్ ఆస్ట్రనామికల్ అసోసియేషన్ 1899లో లండన్ నగరంలో ప్రకటించిన ఈ నివేదికకు సంపాదకుడు వాల్టర్ మాండర్.

ఈ సంఘం 1890లో ఏర్పడినది. ఔత్సాహికుల కోసమే పుట్టిన ఈ సంఘంలో మొదటినుండి స్త్రీలకు కూడ సభ్యత్వం ఉన్నది. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారికి తలుపు తెరచినది 1916లో మాత్రమే. సంఘసభ్యులు 1896 ఆగస్టులో ‘నార్స్ కింగ్’ అనే ఓడలో నార్వే ఉత్తరపు కొసనున్న వాడ్సో రేవుకు వెళ్ళారు. తీరా గ్రహణసమయానికి మబ్బు కమ్మి వారి శ్రమ వ్యర్థమైనది. అంతటితో మానుకోక, మరల ఏడాదిన్నర లోపునే భారతదేశానికి బయలుదేరారు. బొంబాయిలో ప్లేగు చెలరేగుతున్న రోజులవి.

ఈ గ్రంథానికి యాత్రాచరిత్రగా ఉన్న విలువకంటె పనిపుస్తకంగా ఉన్న విలువ ఎక్కువ. పలువురు వ్రాసిన నివేదికల సంపుటి కావడంచేత, ఒకే చేతిలో నడిచిన గ్రంథానికుండే నడక దీనికి లేదు. అయినప్పటికీ ఉపాధ్యాయుడు దీనిలో వెదకవలసినది ఒకటున్నది. సుమారు రెండు నిమిషాల చీకటిలో ఎవరు ఏ పని చేయవలెనో ఈ యాత్రికులు ముందుగా ఎట్లా నిర్ణయించుకొన్నారు? సాధారణమైన పరికరాలతో, వేధశాలలు చేయని పనిని ఎట్లా ఎంచుకొన్నారు? ఈ గ్రంథాన్ని పేర్కొనే రచనలు చాలావరకు ఈ ప్రశ్నను విడిచి, గ్రహణశోభను వర్ణించి ఊరుకొన్నవి.

1898 జనవరి 22న నీడ పడమటి తీరాన మనదేశంలో ప్రవేశించి, ఈశాన్యంగా సాగి హిమాలయాలవైపు పోయినది. సంఘం శిబిరాలలో ఒకటి బీరారులోని తల్ని, మరొకటి గంగాతీరాన బక్సార్. తల్ని శిబిరంలో మాండర్ దంపతులు, జాన్ ఎవర్షెడ్, మరికొందరు ఉన్నారు. శ్రీమతి ఆనీ మాండర్ గ్రీనిచ్ వేధశాలలో గణకురాలుగా పనిచేసి, 1895లో వివాహం కావడంతో నాటి నియమం ప్రకారం ఉద్యోగం వదలుకొన్న వ్యక్తి. ఆమె తెచ్చిన కెమెరా కటకం వెడల్పు 1.5 అంగుళాలు, నాభ్యంతరం 9 అంగుళాలు. అది తాను చదివిన గిర్టన్ కళాశాల ఇచ్చిన పరిశోధనవేతనంతో సమకూర్చుకొన్నది.

అదే దినాన, అదే నీడచారలో, జేయూర్ వద్ద అమెరికాలోని లిక్ వేధశాలకు చెందిన కాంబెల్ 5 అంగుళాల కటకం, 40 అడుగుల నాభ్యంతరం గల కెమెరాను నిలబెట్టాడు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినప్పుడే శ్రీమతి మాండర్ ఎన్నికలోని తెలివి బోధపడును. కటకం నాభ్యంతరంలో 107వ వంతు ప్రమాణంలో సూర్యబింబం పడును. కాంబెల్ కెమెరాలో ఆ బింబం సుమారు నాలుగున్నర అంగుళాలు. శ్రీమతి మాండర్ కెమెరాలో 2 మిల్లీమీటర్లు. చూడబోతే ఏనుగుకు చీమకు పోటీ. కాని మరొక లెక్క ఉన్నది. కరోనా వంటి విస్తరించిన వస్తువు ఛాయాఫలకంమీద ఎంత ప్రకాశంగా పడునో నిర్ణయించేది కటకం వెడల్పు ఒక్కటే కాదు. నాభ్యంతరాన్ని వెడల్పుతో భాగించగా వచ్చే సంఖ్య. అది ఎంత చిన్నదైతే ప్రకాశం అంత హెచ్చు. కాంబెల్ కెమెరాకు ఆ సంఖ్య 96, శ్రీమతి మాండర్ కెమెరాకు 6. పదహారు రెట్ల భేదం. దాని వర్గం 256. అనగా ఫలకంమీద ఒక్కొక్క చదరపు మిల్లీమీటరుకు ఆమె కెమెరాలో 256 రెట్లు ఎక్కువ వెలుతురు పడినది.

పెద్ద కెమెరా సూర్యుని చేరువలోని కరోనా నిర్మాణాన్ని సూక్ష్మంగా చూపగలదు. దూరదూరంగా పోయి ఆకాశంలో కలసిపోయే మందకాంతిని పట్టుటకు అది తగదు. ఆ పని చిన్న కటకానిది. శ్రీమతి మాండర్ ఫలకంమీద సూర్యవ్యాసానికి ఎన్నో రెట్ల దూరంవరకు చాచుకొనిపోయిన ఒక సన్నని కరోనా కిరణం పడినది. అంత పొడవైన కిరణాన్ని అంతకుముందు ఎవరూ ఛాయాచిత్రంలో పట్టలేదు. దీనిని అదృష్టంగా చెప్పేవారు ఈ భాగహారం చేసి చూడలేదనవలెను. ఉన్నతపాఠశాల విద్యార్థి అయిదు నిమిషాలలో చేయదగిన లెక్క ఇది.

అదే శిబిరంలో ఎవర్షెడ్ మరొక దారి పట్టాడు. అప్పటికి ఆయన ఒక రసాయన వ్యాపారసంస్థలో ఉద్యోగి. ఖగోళశాస్త్రం తీరికవేళల పని. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పిన క్షణంలో వర్ణమండలపు కాంతి కొద్ది సెకండ్లపాటు మెరయును. దాని వర్ణపటాన్ని ఆయన ఫలకాలకెక్కించాడు. హైడ్రోజన్ రేఖలు ఊదారంగును దాటిపోయేకొద్ది దగ్గరదగ్గరగా చేరి ఒక హద్దువద్ద ముగియునని బామర్ సూత్రం చెప్పును. ఆ హద్దుకు ఆవల శూన్యం ఉండక, తెంపులేని మందకాంతి పరచుకొని ఉన్నట్లు ఎవర్షెడ్ ఫలకాలు చూపినవి. స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రానును హైడ్రోజన్ కేంద్రకం పట్టుకొన్నప్పుడు వెలువడే కాంతి అదియని పరమాణునిర్మాణం బోధపడిన తరువాతనే తేలినది.

గ్రంథం వెలువడిన తరువాత పుట్టిన ఒక వాదాన్ని కూడ ఇక్కడ పరిశీలించడం ఉచితం. భూమిమీద అయస్కాంత తుపానులు సూర్యుని భ్రమణాన్ని అనుసరించి 27 రోజులకొకసారి మరల రావడం గమనించి, సూర్యునిలో కొన్ని పరిమితస్థానాలనుండి సన్నని ధారలు వెలువడి భూమిని తాకుతున్నవని వాల్టర్ మాండర్ 1904లో వాదించాడు. కరోనాలోని దీర్ఘకిరణాలు అట్టి ధారలకు నిదర్శనంగా తోచినవి. ధారలు ఉన్నవన్న మాట నిలిచినది. కాని 1973-74లో స్కైలాబ్ నుండి తీసిన ఎక్సురే చిత్రాల తరువాత, ఇట్లు మరల మరల వచ్చే తుపానులకు మూలం వెలిగే కిరణాలు కావనీ, కరోనాలో చీకటిగా కనిపించే రంధ్రాలనీ స్పష్టమైనది. ఛాయాచిత్రం నిజమైనదే, దానినుండి తీసిన అర్థంలో సగం మాత్రం సరియైనది. విద్యార్థికి ఈ రెండూ కలిపి చెప్పకపోతే చరిత్ర పొగడ్తగా మిగిలిపోవును.

బక్సార్ శిబిరపు కథ వేరు. రెవరెండ్ బేకన్ నాయకత్వాన అక్కడికి వెళ్ళినవారిలో ఇంద్రజాలికుడు నెవిల్ మాస్కెలిన్ ఒకడు. ఆయన గ్రహణాన్ని చలనచిత్రంగా తీయగా, తిరుగుప్రయాణంలో ఆ ఫిల్ము దొంగల పాలైనది. 1900 మే 28నాటి గ్రహణానికి మరల అమెరికాలోని వేడ్స్‌బరో వెళ్ళి మరొకటి తీశాడు. అది లండన్ నగరంలో భద్రంగా ఉండి, 2019లో బాగుచేయబడి బయటికి వచ్చినది. నిమిషంపాటు నడిచే ఆ చిత్రం చూచినవారికి బక్సార్ నష్టం ఎంతటిదో తెలియును.

గ్రంథంలో ఎత్తిచూపవలసిన కొరత దాని పరిధి. సంఘం తన బృందాల నివేదికనే తలపెట్టినది కావున దీనిని నేరమనలేము. కాని ఇది ఒక్కటే చదివినవాడు నాడు భారతదేశంలో గ్రహణం చూచి పనిచేసినవారందరు ఓడదిగి వచ్చినవారేనని భ్రమపడవచ్చును. పూనాలోని మహారాజా తఖ్తసింగ్‌జీ వేధశాల అధిపతి నేగంవాలా జేయూర్ వద్ద శిబిరం వేసి కరోనాను, వర్ణపటాన్ని పరిశీలించాడు. ఆయన నివేదిక 1902లో వెలువడినది. ఇది దానితోపాటు చదువదగిన గ్రంథం; దానిని విడిచి చదువదగినది కాదు.

ఈ పాత నివేదికను ఇప్పుడు తిరగవేయడానికి కారణం లేకపోలేదు. భారతదేశంలో రాబోయే సంపూర్ణ గ్రహణం 2034 మార్చి 20నాటిది. అదికూడ కాశ్మీర్, లడఖ్ ప్రాంతాలకే పరిమితం. తెలుగుజిల్లాలలోని ఉత్సాహవంతులు బృందంగా బయలుదేరక తప్పదు; అంతకుముందే విదేశాలకు వెళ్ళదలచేవారూ ఉందురు. ఇటీవలి గ్రహణయాత్రలలో వందలకొలది కెమెరాలు ఒకే చిత్రాన్ని తీయడం పరిపాటి అయినది. తల్నిలో ఇద్దరి పరికరాలు ఒకే పని చేయలేదు.

ఎవర్షెడ్ కథ తల్నితో ముగియలేదు. ఆయన 1907లో ఉద్యోగరీత్యా కోడైకెనాల్ వేధశాలకు వచ్చి, 1909లో సూర్యమచ్చలలో వాయువుల ప్రవాహాన్ని కనిపెట్టి, 1911లో ఆ వేధశాలకు అధిపతి అయ్యాడు. మరుసటి సంవత్సరం పూనాలోని నేగంవాలా వేధశాల మూతపడగా, దాని దూరదర్శిని మొదలైన పరికరాలు ఆ కొండమీదికే చేరినవి.