కిరీటమూ, చక్రాల కుర్చీ

అందాల పోటీల మీద చర్చ మనకు కొత్త కాదు. 1996 నవంబరులో బెంగుళూరులో ప్రపంచసుందరి పోటీ జరిగినప్పుడు స్త్రీవాదులూ సంప్రదాయవాదులూ వేర్వేరు కారణాలతో ఒకేసారి వీధుల్లోకి వచ్చారు. స్త్రీ శరీరాన్ని సరుకు చేసి కొలతలు తీయడం అవమానమని స్త్రీవాదులన్నారు. ఆ మాట నేటికీ చెల్లుతుంది. కానీ వికలాంగ స్త్రీల అందాల పోటీ దగ్గరకు వచ్చేసరికి అది సగమే చెల్లుతుంది. సంత ఈమెను సరుకుగా కూడా చూడలేదు మరి. మన పెళ్లిచూపులు కూడా ఒక రకం అందాల పోటీయే. అందులో నచ్చలేదనిపించుకున్న పిల్ల దుఃఖం మన కథల్లో కావలసినంత ఉంది. అసలు పెళ్లిచూపులే జరగని పిల్ల దుఃఖం ఎంత వెదికినా అరుదు.

మన సాహిత్యం ఈమెకు అందాన్ని ఎప్పుడిచ్చింది? భాగవతంలో కుబ్జను చూడండి. మధురలో కృష్ణునికి మైపూతలిచ్చిన ఆమె ఔదార్యం గూనితో ఉన్నప్పటిదే. సౌందర్యం మాత్రం కృష్ణుడు ఆమె గూని సరిచేశాకే వచ్చింది. అంటే వైకల్యం పోవాలి, అప్పుడే అందం రావాలి. ఇరవయ్యో శతాబ్దపు 'మయూరి' (1985) ఈ సూత్రాన్ని కొంత కదిలించింది. 1981లో తమిళనాట జరిగిన ప్రమాదం తర్వాత కాలు కోల్పోయిన సుధాచంద్రన్, జైపూర్ కాలితో మళ్లీ నాట్యం చేసి, సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో తన కథలో తానే నటించింది. అది గొప్ప సాహసం, సందేహం లేదు. అయినా ప్రేక్షకుడు చప్పట్లు కొట్టింది, ఆమె రెండు కాళ్లున్నదానిలాగే ఆడగలిగినందుకు. ఆడలేని వాళ్ల మాటేమిటన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

చక్రాల కుర్చీ సుందరి పోటీలు ఇక్కడ ఒక అడుగు ముందుకు వేశాయని నా అభిప్రాయం. 2017 అక్టోబరులో పోలండు రాజధాని వార్సాలో జరిగిన ప్రపంచ పోటీలో బెలారస్‌కు చెందిన అలెగ్జాండ్రా చిచికోవా గెలిచింది. మన పొరుగున బెంగుళూరు నుంచి దంతవైద్యురాలు ఎస్.జె. రాజలక్ష్మి వెళ్లింది. 2007లో చెన్నైకి ప్రయాణంలో జరిగిన కారు ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతింది. 2014లో భారతదేశపు చక్రాల కుర్చీ సుందరిగా ఎన్నికైంది. ఈ వేదిక మీద కుర్చీని దాచరు, కుర్చీలోంచి లేవమనరు. కుబ్జ కుబ్జగానే అందగత్తె. మనం పురాణంలో చూడని దృశ్యమిది.

అయితే ఇంతటితో సంతోషించి ఊరుకోవడం విమర్శ కాదు. అమెరికాలో 1972లో ఫిలిప్ వుడ్ అనే డాక్టరు ఒహాయోలో మొదలుపెట్టిన పోటీ అందం చూడదు. వికలాంగుల తరఫున మాట్లాడగల శక్తిని చూస్తుంది. అటువంటి చోటే 2005లో విస్కాన్సిన్ రాష్ట్ర విజేత, కండరాల క్షీణత ఉన్న ఉపాధ్యాయురాలు జానీల్ లీ, తరగతిలో నిలబడి ఉన్న ఫొటో పత్రికలో పడినందుకు కిరీటం కోల్పోయింది. నాట్యకత్తె నిలబడితేనే చప్పట్లు, ఈమె నిలబడితే శిక్ష! కొలబద్ద మారింది గాని కొలిచే చెయ్యి మారలేదు.

నార్వే కళాకారుడు మోర్టెన్ త్రావిక్ 2008లో అంగోలాలో మందుపాతర్ల బాధితురాళ్లకు పోటీ పెట్టి, గెలిచినామెకు కృత్రిమ కాలు బహుమతిగా ఇచ్చాడు. 2009లో కంబోడియాలో అదే తలపెడితే, వికలాంగుల గౌరవానికి భంగమని ప్రభుత్వం అడ్డుకుంది. ఒకరిది ప్రదర్శన, ఒకరిది సంరక్షణ. ఇద్దరూ ఆమె తరఫునే మాట్లాడుతున్నామన్నారు. కానీ కాలు ఆమె హక్కా, బహుమతా? హక్కయితే పోటీ ఎందుకు? గౌరవమే ముఖ్యమైతే పాతర తొక్కిన పొలంలో ఆ గౌరవం ఎక్కడికి పోయింది?

రెండు భాషల మధ్య బతికే మనకు మాటల మర్మం తెలియనిది కాదు. తెలుగులో 'వికలాంగురాలు' అంటే లోటు ముందు కనిపిస్తుంది. తమిళంలో స్థిరపడ్డ 'మాట్రుత్తిరనాళి' వేరే సామర్థ్యం ఉందంటుంది. 2015 నుంచి ప్రచారంలోకి వచ్చిన 'దివ్యాంగ' ఏకంగా దేవత్వమే కట్టబెట్టింది. ఒక మాట ఆమెను కిందికి చూస్తే, మరొకటి పైకి చూస్తుంది. ఎదురుగా చూసే మాట ఇంకా రాలేదు. పోటీ వేదిక కూడా ఈ ఊగిసలాటలోనే ఉంది. కుంటిసాకులు, గుడ్డినమ్మకం అంటూ రోజూ రాసే మనం ఆ వేదికను ఎగతాళి చేయడానికి తొందరపడకూడదు.

పోటీకి వెళ్లే ఆడపిల్లను తప్పుపట్టడం నాకు సమ్మతం కాదు. చూడమని అడిగే హక్కు ఆమెది. ఎలా చూశామన్నది మన జవాబుదారీ. 2016 వికలాంగుల హక్కుల చట్టం, పాత ప్రభుత్వ కట్టడాల్లోకి కూడా వాళ్లు వెళ్లే వీలు కల్పించడానికి ఐదేళ్ల గడువు పెట్టింది. నియమాలు వచ్చింది 2017లో, గడువు తీరింది 2022లో. సోగత్తూరులో చక్రాల కుర్చీలో ఉన్న పిల్ల ఎవరూ ఎత్తకుండా ధర్మపురి బస్సు ఎక్కగలదా, అక్కడ ఆఫీసు మెట్లు దాటగలదా అని అడిగి చూడండి. వార్సా వేదికకు వాలుబాట వేశారు. ఆ ఒక్కరోజు కిరీటం కన్నా, ప్రతిరోజూ అక్కరకొచ్చే ఆ వాలుబాట గురించే మన రచయితలు రాయవలసి ఉంది.